నడిమి ముక్క

ముందు ఒక మాట తేల్చి పారేస్తాను. స్ఫటికంలో లోపం లేదు. ఏడు వారాల పాటు ఉందనే అనుకున్నాను. అందరి ముందూ నిలబడి తప్పు నాదేనని ఒప్పుకున్నాను కూడా. ఆ ఒప్పుకోలు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. నా పేరు వకుళ. ముప్పై ఐదేళ్ళు ప్రయోగశాలల్లో స్ఫటికాలు పెంచినదాన్ని, వాటి సంగతి నాకు తెలుసు. తెలియంది మొగుడి సంగతే.

మేముండేది కెనడా సరిహద్దుకి కాస్త దిగువన, హార్లో మిల్స్ అనే చిన్న ఊళ్ళో. ఏడాదిలో ఐదు నెలలు మంచు పారతో ఎత్తిపోసుకోవడమే మా ఊరి వ్యాయామం. మా ఆయన పట్టాభి ఇక్కడి హైస్కూల్లో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాడు. చెప్పినన్నాళ్ళూ పిల్లలకి ఒకటే పాఠం: నీ బతుకు బతకడానికి ఎవడి పర్మిషనూ అడక్కు.

అమెరికాలో ఉన్నవి రెండే పార్టీలని మీరనుకుంటారు. మూడోది కూడా ఉంది, బ్యాలెట్ కాగితం అడుగున, సబ్బు పెట్టె మీద అక్షరాలంత సైజులో. దాన్ని మా రాష్ట్రంలో లాంతరు పార్టీ అంటారు. ఆ లాంతరు పట్టుకుని మా ఆయన రాష్ట్ర సెనేట్‌కి నాలుగుసార్లు నిలబడ్డాడు, నాలుగుసార్లూ ఓడిపోయాడు. ఊళ్ళో అందరూ మంచివాళ్ళే. "పాట్, నువ్వు నిజాయితీపరుడివే, కానీ నీకు ఓటేస్తే బూడిదలో పోసిన పన్నీరే కదయ్యా" అనేవాళ్ళు. ఈయన నవ్వి, జేబులోంచి పటికబెల్లం పలుకొకటి నోట్లో వేసుకుని, "నచ్చనివాడికి వేసిందే అసలు వృథా ఓటు" అనేవాడు. ఉపన్యాసాలకి గొంతు రాసుకుపోతుందని పటికబెల్లం పొట్లం లేకుండా గడప దాటేవాడు కాదు.

నాలుగేళ్ళ కిందట రాష్ట్రం ఒక నెట్ చట్టం తెచ్చింది. గుర్తింపు కార్డు చూపించందే ఇంటర్నెట్ తెరుచుకోదు. ఎవరు ఎవరికి ఏం రాసినా రెండేళ్ళు దాచి ఉంచాలి, అడిగితే ప్రభుత్వానికి ఇవ్వాలి. రెండు పెద్ద పార్టీలూ కలిసి దానికి ఓటేశాయి. ఆ వార్త విన్న రోజు మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు చూడు," అన్నాడు మూడో రోజున, ముద్ద కలుపుతూ. "అంతకంటే దరిద్రపు ప్రభుత్వం ఎక్కడైనా ఉంటుందా వకుళా? చీమకి కూడా పర్మిషనే."

ఆ మనిషి మూడు రోజులు తిండి మానేశాడనే నేను గరాజ్‌లో ఆ పని మొదలుపెట్టాను. ఇది కూడా రాసిపెట్టుకోండి.

ఒక జాతి లవణపు స్ఫటికంలో వింత గుణం నేను ఎప్పుడో గమనించాను. ఒకే గింజ నుంచి పెరిగిన దాన్ని ముక్కలుగా కోస్తే, అవి ఒకదాన్నొకటి మరిచిపోవు. ఒకదాని దగ్గర మాట్లాడితే రెండోది, మధ్యలో ఎన్ని కొండలున్నా, అదే వణుకు వణుకుతుంది. తీగ లేదు, టవర్ లేదు, కంపెనీ లేదు, మధ్యలో చెవి పెట్టేందుకు చోటే లేదు. మొదటి పరీక్షకి ఒక ముక్క వంటింట్లో పెట్టుకుని, రెండోది ఈయనకిచ్చి చెరువు అవతలి ఒడ్డుకి పంపాను. డాక్టర్లు పెట్టుకునేలాంటి చెవి గొట్టం పెట్టుకుని వింటున్నాను. కాసేపటికి, "ఉప్మాలో జీడిపప్పు మరిచిపోకు" అని స్పష్టంగా వినబడింది. ఏడ్చాను. ఈయన కూడా ఏడ్చాననే చెప్పాడు.

ఒక్కటే చిక్కు. కోసే యంత్రం పట్టుకోవడానికి స్ఫటికానికి నడుము కావాలి. కాబట్టి ఎప్పుడు కోసినా రెండు ముక్కలు రావు, మూడొస్తాయి. కొసలు రెండూ మాట్లాడుకునే ఇద్దరికీ. నడిమి ముక్కకి మాత్రం ఆ ఇద్దరి మాటలూ వినబడతాయి. దాన్ని దంచి పిండి చేస్తే చస్తుంది, చెయ్యకపోతే అన్నీ వింటూ కూర్చుంటుంది.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. శనివారం మధ్యాహ్నం గరాజ్ తలుపు ఎత్తేసేవాళ్ళం. కావలసినవాళ్ళు జంటగా రావాలి, తలా ఒక వంటకం తెచ్చి బల్ల మీద పెట్టాలి. పేర్లు అడగం, పుస్తకంలో రాయం. నేను వాళ్ళ కళ్ళముందే కోసేదాన్ని. నడిమి ముక్కని గుడ్డలో పెట్టి ఆయన చేతికిస్తే, ఆయన రోట్లో వేసి దంచేవాడు. తెనాలి నుంచి నేను మోసుకొచ్చిన రాతి రోలది, అంతకుముందు గోంగూర తప్ప ఏమీ ఎరగదు. దంచిన తెల్లటి పిండిని పెద్ద గాజు సీసాలో పోసేవాడు. ఆ సీసా గుమ్మానికి ఎదురుగా అలమరలో ఉండేది. వచ్చిన ప్రతివాడూ దాన్ని చూసి, మన రహస్యాలు అలా చచ్చిపడి ఉన్నాయని తృప్తిగా తల ఊపేవాడు.

ఆ పిండిని పరీక్ష చెయ్యాలని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ప్రభుత్వాన్ని అనుమానించడం మాకు వెన్నతో పెట్టిన విద్య. పక్కన కూర్చుని పప్పు వడ్డించే మనిషిని అనుమానించడం మాత్రం అనాగరికం అనుకున్నాం.

ఆ జంటల్లో మొదటివాళ్ళు మా పొరుగింటి డేల్, కానీ అనే ఆయన భార్య. డేల్ కలప లారీ తోలుతాడు, రెండేసి రోజులు ఇంటికి రాడు. కానీకి చిన్నప్పటి నుంచీ చక్కెర జబ్బు, ఇన్సులిన్ లేనిదే రోజు గడవదు. ఆమె కోసమే డేల్ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా పంచదార డబ్బా లేదు. మా ఇంటికొస్తే టీ కూడా చప్పగానే తాగేవాడు.

ఆ తర్వాత రూత్ వచ్చింది. నర్సు. ఇన్సూరెన్స్ ఊడిపోయి ఇన్సులిన్ దొరకనివాళ్ళకి సరిహద్దు అవతలి నుంచి తెప్పించి పంచేది. చట్టం ప్రకారం అది నేరం. ఫోన్లో మాట్లాడలేదు, నెట్‌లో రాయలేదు. అవతలి ఊరి మందుల షాపాయనని తీసుకొచ్చి ఒక జత కోయించుకుంది. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "నలభై మంది ప్రాణాలు దీని మీదున్నాయి, నిజంగా ఎవరికీ వినబడదు కదా?" అంది.

"మాకే వినబడదమ్మా" అన్నాను.

ఐదోసారి ఎన్నికలొచ్చాయి. ఈసారి మా ఆయన వేరే మనిషి. గడప తొక్కగానే ఆ ఇంటివాళ్ళ మనసులో మాటే ఈయన నోటంట వచ్చేది. కొడుకు ఉద్యోగం పోయిన ఇంట్లో దాని గురించే, బావిలో నీళ్ళు చెడిన ఇంట్లో నీళ్ళ గురించే. జనం ఆశ్చర్యపోయారు. నేను మురిసిపోయాను. తర్వాత నేనూ వెంట తిరిగినప్పుడు మాత్రం ఆ మురిపెం పోయింది. ఒక గుమ్మంలో రోడ్డు వేయిస్తానన్నాడు, పక్క గుమ్మంలో రోడ్డుకి పన్నెందుకు కట్టాలన్నాడు.

"అదేంటండీ?" అన్నాను కారెక్కాక.

"వినడం నేర్చుకున్నాను వకుళా. ఇన్నాళ్ళూ మాట్లాడ్డమే తెలుసు" అన్నాడు.

ఆగస్టులో ఈయన సంతకాల పత్రాలు చెల్లవని, పేరు బ్యాలెట్ నుంచి తీసేయాలని పెద్ద పార్టీ ఒకటి దావా వేసింది. మూడో పార్టీవాణ్ణి పోటీలో ఓడించక్కర్లేదు, పోటీలోకి రానివ్వకపోతే చాలు, ఈ దేశంలో అది పాత విద్యే. ఈయన మొహంలో కళ తగ్గిపోయింది. రెండు వారాలకి ఎందుకో వాళ్ళే దావా వెనక్కి తీసుకున్నారు. న్యాయం గెలిచిందన్నాడు. నేను పులిహోర చేశాను. నవంబరులో పంతొమ్మిది ఓట్ల తేడాతో నెగ్గాడు. లాంతరు పార్టీకి ఈ రాష్ట్రంలో అదే మొదటి సీటు. వాకిట్లో పాతిన బోర్డు మీద 'మీ మాట మీదే' అని రాసుంది.

మార్చిలో రూత్‌ని అరెస్టు చేశారు. షాపాయనతో ఆమె ఆరు నెలలుగా మాట్లాడిన ప్రతి మాటా, తేదీలతో సహా వాళ్ళ దగ్గర టైపు చేసి ఉంది. ఆమె నుంచి మందు తీసుకునే నలభై మందికీ ఆ రోజుతో మందు ఆగిపోయింది.

ఆ ఏడు వారాలు ఎలా గడిచాయో చెబుతాను. స్ఫటికం నుంచి మాటలు ఎక్కడో బయటికి కారుతున్నాయన్నమాట. నా లెక్క ఎక్కడో తప్పన్నమాట. పొద్దున్నే గరాజ్‌లోకి వెళ్ళి వేడిచేశాను, చల్లార్చాను, సీసపు పెట్టెలో పెట్టాను, కొత్త గింజలు పెంచి మళ్ళీ కోశాను. ఎక్కడా కారలేదు. కారలేదంటే నాకు చూడ్డం చేతకాలేదని అర్థం చేసుకున్నాను. ఆయన కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. "నిన్ను నువ్వు తినెయ్యకు. సైన్సులో పొరపాట్లు సహజం" అని వీపు నిమిరేవాడు. ఆ చేతిని పట్టుకుని ఏడ్చాను, తూ నా బతుకు.

ఆ నలభై మందిలో డేల్ భార్య కానీ ఒకతి, తనకున్న మందుని సగం చేసుకుని, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసుకుని వాడింది. డేల్‌కి చెప్పలేదు. ఏప్రిల్‌లో ఒక పొద్దుట ఆయన లారీ దిగి వచ్చేసరికి కుర్చీలోనే ఉంది, ఒళ్ళో అల్లిక. అంత్యక్రియల రోజు చర్చిలో నేను డేల్ ముందు నిలబడి, "నా స్ఫటికమే మోసం చేసింది డేల్, నన్ను క్షమించు" అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. పక్కనే సెనేటర్ గారు తల వంచుకుని నిలబడ్డాడు.

మే నెల రెండో శనివారం, మంచు పూర్తిగా కరిగాక, గరాజ్ ఊడవడానికి వెళ్ళాను. గోడ వెంట చీమల బారు. తలుపు కింద నుంచి బయలుదేరి, గోడెక్కి, అలమర మీదుగా గాజు సీసా మూత సందులోకి పోతున్నాయి. లోపల నల్లగా కదులుతున్నాయి.

చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా లవణాన్ని చీమ ముట్టదు. చేదు విషం అది. మూత తీసి వేలు తడిచేసుకుని అద్ది నాలుక మీద పెట్టుకున్నాను.

తియ్యగా ఉంది. పటికబెల్లం.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే, ఈశ్వరుడు పట్టలేదు. చీమలు పట్టాయి, ఎవరి ఆజ్ఞా లేకుండానే.

నేలమాళిగలో ఎన్నికల బోర్డుల దొంతర వెనక కోడిగుడ్ల అట్టలు దొరికాయి. ఒక్కో గుంటలో ఒక్కో నడిమి ముక్క, దూది చుట్టి. ప్రతి గుంట పక్కనా ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు. తెలుగులో రాశాడు. ఈ ఊళ్ళో తెలుగు చదవగలిగేది ఇద్దరమే, రెండోదాన్ని ఏడు వారాలుగా గరాజ్‌లో ఏడవడానికి పెట్టాడు. 'డేల్–కానీ' ఉంది. 'రూత్' అని రాసిన గుంట ఖాళీగా ఉంది.

అట్టలన్నీ పైకి మోసుకొచ్చి వంటింటి బల్ల మీద పరిచాను. ఆయన బజారు నుంచి వచ్చి, చూసి, చేతిలో సంచి మెల్లగా కింద పెట్టాడు.

"రూత్ ముక్క ఏదండీ?"

కుర్చీ లాక్కుని, క్లాసులో చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాడు. "పేరు తీసేయబోయారు వకుళా. నాలుగు ఎన్నికలు, ఇరవై ఏళ్ళ పని. దావా వదిలేస్తాం, ఒక్క జత మాటలు వినిపించు అన్నారు. ఒక్కటే ఇచ్చాను. ఆ ఒక్కటీ ఇస్తేనే కదా సెనేట్‌లో కూర్చుని ఆ దరిద్రపు చట్టాన్ని కొట్టించగలిగేది? ఒక్క మనిషి స్వేచ్ఛ పోయింది, ఒప్పుకుంటాను. ఈ రాష్ట్రమంతటికీ వస్తుంది."

"మరి మిగతావి?"

"అవి ఎవరికీ ఇవ్వలేదు. నేనొక్కణ్ణే విన్నాను. జనానికి ఏం కావాలో తెలియకుండా జనానికి సేవేంటి?"

"డేల్ భార్య చచ్చిపోయిందండీ."

"అది అవుతుందని నాకు తెలుసా?"

"ఏడు వారాలు నేను చచ్చాను, అది తెలుసు కదా. కాఫీలు తెచ్చి ఇచ్చారు కదా."

అప్పుడు ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు మహా పతివ్రతవి పాపం. కట్టుకున్నవాడికి ఓటు కూడా వెయ్యలేదు. బ్యాలెట్ మీద సెనేట్ గడి ఖాళీగా వదిలేసి వచ్చావు."

ఆ మాట నేను లోకంలో ఒక్కరితోనే అన్నాను. నవంబరులో, వేరే ఊళ్ళో ఉండే మా అమ్మాయి ఈహతో, మా ఇద్దరి స్ఫటికంలో. 'మీ నాన్న ఇంటికో మాట చెబుతున్నాడే, చెయ్యి రాలేదు. ఎవరికీ వెయ్యకుండా వచ్చేశాను, ఆయనకి చెప్పకు' అన్నాను. ఆఖరి అట్ట తెరిచాను. చివరి గుంట పక్కన 'వకుళ–ఈహ' అని ఉంది. మా పేర్ల కింద చిన్న గీత కూడా గీశాడు.

తను నోరు జారానని ఆయనకి అర్థమైంది. గొంతు తగ్గించాడు. "సరే. ఆలోచించుకో. ఇవి కోర్టుకిస్తే, ఆ మాటలు దొంగచాటుగా విన్నవని తేలి రూత్ బయటికి రావచ్చు, కానీ ఊరందరి ముక్కలూ ప్రభుత్వం చేతికి పోతాయి. దంచేస్తే ఊరు బతుకుతుంది, కానీ నా మీద సాక్ష్యం ఉండదు, రూత్ లోపలే ఉంటుంది. ఏం చేసినా నువ్వే చెయ్యాలి."

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన్ని ఏకవచనంతో పిలవలేదు నేను. "నువ్వు లే," అన్నాను. "గరాజ్ తలుపెత్తు. శనివారం. జనం వచ్చే వేళైంది."

"నేనే చెబుతాను వకుళా. మాటలు నాకు వదిలెయ్. నాకు మాట్లాడ్డం వచ్చు."

"వచ్చు కాబట్టే వద్దు."

ఆ మధ్యాహ్నం నలభై యాభై మంది వచ్చారు. రూత్ అరెస్టయ్యాక కూడా వస్తూనే ఉన్నారు, నన్ను ఓదార్చడానికి. డేల్ ఎప్పటిలాగే ఉడకబెట్టిన చిక్కుళ్ళు తెచ్చాడు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. గాజు సీసా తీసి బల్ల మధ్యలో పెట్టి, ఒక చెంచా వేసి, "ఇది మీ రహస్యాల పిండి. పైన చీమలున్నాయి, అడుగు నుంచి తీసుకోండి. తలా ఒక చిటికెడు నోట్లో వేసుకోండి" అన్నాను. పక్కనే గిన్నెలో అసలు లవణం ఆ పొద్దుట దంచిన పిండి కాస్త పెట్టాను. "తర్వాత దీన్ని నాలుక చివర ఆనించి ఉమ్మెయ్యండి."

సీసా చేతులు మారింది. ఒక్కొక్కరి మొహంలో ముందు అయోమయం, తర్వాత రంగు మారడం. ఒకావిడ మళ్ళీ రుచి చూసింది, నమ్మలేక. నేను కోడిగుడ్ల అట్టలు తెరిచి, పేర్లు ఒక్కోటీ పైకి చదివి, ఎవరి ముక్క వాళ్ళ చేతిలో పెట్టాను. అది వాళ్ళది. ఏం చెయ్యాలో తేల్చాల్సింది నేనూ కాదు, కోర్టూ కాదు. రానివాళ్ళవి అందాక నా దగ్గరే ఉంటాయని చెప్పాను. సీసాలో మిగిలింది రూత్ లాయరుకి పంపుతానని కూడా చెప్పాను. ముక్కలు బయటపెట్టకుండానే, దంచింది స్ఫటికం కాదని ఆ సీసా సాక్ష్యం చెబుతుంది. నేను పక్కన నిలబడి చెబుతాను. కోర్టు నమ్ముతుందో లేదో నాకు తెలియదు.

సీసా ఆఖరున డేల్ దగ్గరికొచ్చింది. ఆయన చిటికెడు తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, కరిగేదాకా ఆగాడు.

"ఇది నేను ముప్పై ఏళ్ళు ఇంట్లోకి రానివ్వలేదు పాట్" అన్నాడు.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. జేబులోకి వెళ్ళిన చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

డేల్ లేచి, తన చేతిలోని ముక్కని రోట్లో వేశాడు. దాని రెండు కొసల్లో ఒకటి కానీతో పాటు మట్టిలో ఉంది. రోకలి తీసి మా ఆయన చేతికిచ్చాడు. "నువ్వే దంచు. ఈసారి మేం రుచి చూస్తాం."

దంచాడు. ఒక్కొక్కరూ వచ్చి ముక్క వేశారు, దంచింది వేలితో అద్ది, నాలుకకి రాసుకుని, చేదుగా ఉందని చెప్పాకే పక్కకి తప్పుకున్నారు. దాదాపు రెండు గంటలు పట్టింది. ఆయన చేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు.

ఆఖరున నాదీ ఈహదీ మిగిలింది. అది రోట్లో వెయ్యబోతుంటే, ముక్క వణకడం మొదలుపెట్టింది. అమ్మాయి అటు నుంచి పిలుస్తోంది, శనివారం ఆ వేళకి ఎప్పటిలాగే. చెవి గొట్టం ఆయన మెడలోనే ఉంది, నేలమాళిగ నుంచి నేనే తెచ్చి వేశాను. దాన్ని తీసుకుని పెట్టుకున్నాను. "అమ్మా, నాన్న ఎలా ఉన్నారు?" అంటోంది. నా కొస ముక్క ఇంట్లో ఉంది. నడిమి ముక్కకి వినడమే తప్ప జవాబు చెప్పడం రాదు.

గొట్టం తీసి బల్ల మీద పెట్టాను. రోకలి ఆయన చేతిలోంచి లాక్కుని, ఆ ఒక్కటీ నేనే దంచాను. తర్వాత ఇంట్లోకి వెళ్ళి, నా ముక్క ముందు కూర్చుని, మా అమ్మాయికి జవాబు చెప్పాను.